గొట్టం మీద పట్టీలు.. చట్టం గీసిన గీతలు

పంప్ యాక్షన్ తుపాకీకి హంగులు ఎంతవరకు? అమెరికాలో అలవాటు.. ఇక్కడ అపాయం

జిల్లా కేంద్రంలో ఏ బ్యాంకు గుమ్మం వద్ద చూసినా కుర్చీలో కూర్చున్న కాపలాదారు, ఆయన ఒడిలో 12 బోర్ తుపాకీ కనిపిస్తాయి. ఏటీఎంలకు నగదు చేరవేసే వాహనాల వెంట ఉండేదీ ఎక్కువగా అదే. పంట రక్షణకో, ఆత్మరక్షణకో తాతల నాడు లైసెన్సు తీసుకున్న కుటుంబాల్లోనూ ఆ తుపాకీయే వారసులకు సంక్రమిస్తోంది. ఇంతకాలం దానికి ఏడాదికి రెండుసార్లు నూనె రాసి, గొట్టం తుడిచి పెట్టెలో పెట్టడం తప్ప వేరే ఆలోచన ఎవరికీ ఉండేది కాదు. సెల్‌ఫోన్లు వచ్చాక పరిస్థితి మారింది. అమెరికాలో ఇదే జాతి తుపాకీకి పైన పట్టీలు, పక్కన తూటాల వరుస, కింద టార్చిలైటు, వెనుక నల్లని ప్లాస్టిక్ మడమ బిగించి చూపే దృశ్యాలు పల్లెల్లోని కుర్రకారు చేతికీ అందుతున్నాయి. మన తుపాకీకి కూడా అవన్నీ పెట్టించవచ్చునా, లేత్ మిషను ఉన్నవాడు చేసి పెట్టలేడా అన్న ప్రశ్న సహజంగానే తలెత్తుతోంది.

ఆ ప్రశ్నకు రెండు భాగాలున్నాయి. ఆ హంగుల వల్ల తుపాకీకి నిజంగా ఒనగూరేది ఏమిటన్నది మొదటిది. చట్టం దేనిని అనుమతిస్తుంది, దేనికి జైలుకు పంపుతుందన్నది రెండోది. మొదటిదానికి సమాధానం తెలిస్తే రెండోదాని వరకు పోవలసిన అవసరం చాలామందికి ఉండదు.

అసలు ఏమిటీ పంప్?

12 బోర్ అనే మాటకు అర్థం చాలామందికి తెలియదు. ఒక పౌను సీసాన్ని 12 సమాన గుండ్లుగా పోతపోస్తే, అందులో ఒక గుండు ఎంత లావు ఉంటుందో గొట్టం లోపలి వెడల్పు అంత. అంటే దాదాపు 18.5 మిల్లీమీటర్లు. గొట్టం లోపల రైఫిల్‌కు ఉన్నట్టు మెలికల గాళ్లు ఉండవు. నున్నగా ఉంటుంది. తూటాలో ఒకే గుండుకు బదులు చిన్న చిన్న పెల్లెట్లు ఉంటాయి.

మన వద్ద పాతవి ఎక్కువగా మడత తుపాకులు. గొట్టాన్ని మధ్యకు విరిచి ఒకటో రెండో తూటాలు పెట్టి మూస్తారు. పంప్ యాక్షన్‌లో గొట్టం కింద మరో సన్నని గొట్టం ఉంటుంది. తూటాలు అందులో ఒకదాని వెనుక ఒకటి వరుసగా నిలుస్తాయి. దాని మీద తొడుగులా అమర్చిన ముందు పిడిని ఎడమ చేత్తో వెనక్కి లాగితే కాల్చిన తూటా ఖాళీ డొల్ల బయటపడుతుంది. ముందుకు తోస్తే కొత్త తూటా గదిలోకి చేరుతుంది. లాగడం, తోయడం రెండూ పూర్తిగా జరగాలి. సగంలో ఆగితే తుపాకీ ఇరుక్కుంటుంది. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవలసి ఉంటుంది. ముందు పిడి కదలిక మీదే ఈ తుపాకీ ప్రాణం ఆధారపడి ఉంది. బిగించే ప్రతి వస్తువునూ ఆ కదలికకు అడ్డు వస్తుందా, రాదా అనే గీటురాయి మీదే పరీక్షించాలి.

మన దేశంలో దీనికి గిరాకీ రావడానికి కారణం కూడా చట్టమే. ట్రిగ్గరు నొక్కిన ప్రతిసారీ తనంతట తాను తూటా ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్నులను ఆయుధ నియమావళి కట్టుదిట్టమైన ఒకటో కేటగిరీలో ఉంచింది. చేత్తో లాగవలసిన పంప్ తుపాకీ, గొట్టం పొడవు తగినంత ఉన్నంతవరకు, ఆ కేటగిరీలోకి రాదు. ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలు కూడా 12 బోర్ పంప్ తుపాకీని తయారు చేస్తున్నాయి. 2021 అక్టోబరులో ఆయుధ కర్మాగారాల బోర్డును రద్దు చేసి ఏడు ప్రభుత్వ సంస్థలుగా విభజించినప్పుడు చిన్న ఆయుధాల తయారీ కాన్పూరు కేంద్రంగా ఏర్పడిన సంస్థకు చేరింది. పౌరులు విదేశీ తుపాకులను దిగుమతి చేసుకునే అవకాశం 1980ల మధ్య కాలం నుంచి దాదాపు మూసుకుపోయింది. కనుక అమెరికా తుపాకీ కొలతలకు తయారైన హంగు మన తుపాకీకి అతుకుతుందన్న భరోసా మొదటి నుంచీ లేదు.

కందకాల నుంచి దుకాణాల దాకా

తుపాకీకి తగిలింపులు పెట్టడం నిన్న మొన్నటి ముచ్చట కాదు. జాన్ బ్రౌనింగ్ రూపకల్పన చేసిన వించెస్టర్ 1897 నమూనా పంప్ తుపాకీని మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కందకాల పోరుకు వాడింది. అందుకోసం గొట్టాన్ని పొట్టిగా చేసి, దాని మీద చిల్లులున్న రేకు కవచం కప్పి, కొసన బాయ్‌నెట్టు తగిలించే కొక్కెం పెట్టారు. వరసగా కాలిస్తే గొట్టం కాలిపోతుంది. బాయ్‌నెట్టుతో పొడిచే సమయంలో సైనికుడు ఆ గొట్టాన్నే పట్టుకోవాలి. చేయి కాలకుండా ఆ రేకు. ప్రయోజనం స్పష్టం. ఆ తుపాకీ ఎంత భయపెట్టిందంటే, 1918 సెప్టెంబరులో జర్మనీ ప్రభుత్వం అది యుద్ధ నియమాలకు విరుద్ధమని ఫిర్యాదు చేసింది. షాట్‌గన్నుతో దొరికిన సైనికుల ప్రాణాలకు హామీ ఉండదని హెచ్చరించింది. అమెరికా విదేశాంగ మంత్రి రాబర్ట్ లాన్సింగ్ ఆ అభ్యంతరాన్ని తోసిపుచ్చారు.

అదే చిల్లుల రేకు ఇప్పుడు అమెరికా దుకాణాల్లో అలంకారంగా అమ్ముడుపోతోంది. ఇంట్లో దాచుకునే తుపాకీని బాయ్‌నెట్టుతో పొడిచేవారు లేరు, చేయి కాలేంతగా కాల్చేవారూ అరుదు. అవసరం పోయినా ఆకారం మిగిలింది. హంగుల వ్యాపారంలో సగం కథ ఇంతే.

రెమింగ్టన్ 870 నమూనా 1950లో మార్కెట్లోకి వచ్చింది. 2009 నాటికి కోటి తుపాకులు తయారయ్యాయి. 1960ల తొలినాళ్లలో వచ్చిన మోస్‌బర్గ్ 500 దానికి పోటీ. పోలీసులు, వేటగాళ్లు, గృహస్థులు అందరూ ఈ రెండింటినే కొనడంతో వాటికి విడిభాగాలు తయారు చేసే పరిశ్రమ పుట్టుకొచ్చింది. రెమింగ్టన్ సంస్థ 2018లో ఒకసారి, 2020లో మరోసారి దివాలా తీసింది. న్యూయార్క్ రాష్ట్రం ఇలియన్‌లో దాదాపు రెండు శతాబ్దాల చరిత్ర ఉన్న దాని కర్మాగారం 2024 మార్చిలో మూతపడింది. అయినా పాత తుపాకులు కోటికి పైగా జనం చేతుల్లో ఉన్నందున విడిభాగాల అమ్మకం మాత్రం ఆగలేదు.

పట్టీ అంటే..

తుపాకీ పైన దంతెల మాదిరిగా కనిపించే లోహపు పట్టీని పికటిన్నీ రెయిలు అంటారు. న్యూజెర్సీలోని పికటిన్నీ ఆయుధాగారం పేరు అది. 1995 ఫిబ్రవరిలో అమెరికా సైన్యం దాని కొలతలను 1913 సంఖ్య గల ప్రమాణంగా ఖరారు చేసింది. ఒక్కో గాడి వెడల్పు 0.206 అంగుళాలు, ఒక గాడి మధ్య నుంచి మరో గాడి మధ్యకు 0.394 అంగుళాలు. కొలత అంతటా ఒక్కటే కనుక ఏ కంపెనీ టార్చి అయినా, ఏ కంపెనీ దుర్భిణి అయినా ఎక్కుతుంది. అంతకు ముందు నుంచీ ఉన్న వీవర్ పట్టీకి గాళ్లు ఇంకా సన్నం. సన్నని వీవర్ గాడికి చేసిన వస్తువు పికటిన్నీ మీద కూర్చుంటుంది గానీ, పికటిన్నీకి చేసిన అడ్డకడ్డీ వీవర్‌లో దిగదు. తర్వాతి కాలంలో దంతెలు లేకుండా పొడవాటి రంధ్రాల్లో నేరుగా బిగించే ఎం-లాక్ పద్ధతి వచ్చింది. చేతికి గుచ్చుకోదు, బరువు తక్కువ.

మోస్‌బర్గ్ 500 వంటి తుపాకులకు పైభాగాన కర్మాగారంలోనే మరలు దిగే రంధ్రాలు చేసి ఇస్తారు. వాటిలో పట్టీని బిగించడం పెద్ద పని కాదు. రంధ్రాలు లేని తుపాకీకి మాత్రం ఉక్కును తొలవాలి, మర తీయాలి. ఇది శిక్షణ పొందిన తుపాకీ మేస్త్రీ పని. పైగా 12 బోర్ ఎదురుతన్ను గట్టిది. మామూలుగా బిగించిన మర నాలుగు తూటాలకే వదులవుతుంది. అందుకే మరలకు జిగురు మందు పూసి, నిర్ణీత బలంతో తిప్పి వదులుతారు.

ఆ పట్టీ మీద పెట్టేది ప్రధానంగా ఎర్ర చుక్క అద్దం. దాని ప్రయోజనం గురించి చెప్పేముందు ఒక అపోహ తొలగాలి. షాట్‌గన్నుకు గురి అక్కర్లేదు, పెల్లెట్లు పళ్లెమంత విచ్చుకుంటాయని ఊళ్లలో చెప్పుకుంటారు. స్థూలంగా గజం దూరానికి అంగుళం చొప్పున విచ్చుకుంటాయన్నది వాడుకలో ఉన్న లెక్క. అయిదు గజాల దూరంలో, అంటే ఒక గదిలో, ఆ గుంపు పిడికిలంత కూడా ఉండకపోవచ్చు. గురి తప్పితే మొత్తం తప్పుతుంది. కనుక మంచి గురి గుర్తు పనికివచ్చేదే. అయితే తుపాకీతో వచ్చిన పూస చాలదని తేలిన తర్వాతే ఆ ఖర్చు.

ముందు పిడి మీదే పేచీ

హంగులన్నింటిలో చిక్కు తెచ్చేవి ముందు పిడికి తగిలించేవి. రైఫిల్‌కు ముందు భాగం కదలదు. దానికి ఎన్ని పట్టీలైనా పెట్టుకోవచ్చు. పంప్ తుపాకీ పిడి ప్రతి తూటాకూ వెనక్కి ముందుకు పోతుంది. దాని చుట్టూ నాలుగు వైపులా దంతెల పట్టీలు తగిలిస్తే చూడ్డానికి సైనికుడి ఆయుధంలా ఉంటుంది. పది తూటాలు కాల్చేసరికి అరచేయి గీరుకుపోతుంది. రబ్బరు తొడుగులు వేస్తే పిడి లావెక్కి పట్టు జారుతుంది. పిడి వెనుక కొన పొడుగైతే అది వెనక్కి వచ్చినప్పుడు పక్కన బిగించిన తూటాల పట్టెడకు తగులుతుంది. కదలిక పూర్తి కాదు. ఖాళీ డొల్ల బయట పడదు.

బరువు సంగతి వేరే చెప్పాలి. మామూలు 12 బోర్ పంప్ తుపాకీ మూడు కిలోల పైచిలుకు తూగుతుంది. ఆరు తూటాల పట్టెడ, టార్చి, పట్టీలు, దుర్భిణి కలిస్తే కిలో వరకు అదనం. మడమ వైపు పెరిగిన బరువు అంతగా తెలియదు. గొట్టం కొస వైపు పెరిగిన పావు కిలో మాత్రం భుజం ఎత్తి నిలిపిన నిమిషానికే తెలుస్తుంది. బిందె తలమీద మోసిన మనిషికి, అదే బిందె చేయి చాచి పట్టుకున్న మనిషికి ఉన్న తేడా అది.

వెలుగు మంచిదే.. చూపేది గొట్టమే

ఆత్మరక్షణకు తుపాకీ ఉంచుకున్న అమెరికన్లు అన్నింటి కంటే ముందు కొనేది టార్చి. చీకట్లో కనిపించిన ఆకారం దొంగా, దాహం వేసి లేచిన కొడుకా అన్నది తెలియకుండా ట్రిగ్గరు మీద వేలు వేయరాదు. ఈ తర్కాన్ని కాదనలేం. షూర్‌ఫైర్ వంటి కంపెనీలు ముందు పిడిలోనే టార్చిని ఇమిడ్చి తయారు చేస్తాయి. మీట బొటనవేలి కిందే ఉంటుంది. విడిగా తీగలు వేలాడవు. చౌకరకం టార్చిని కింది గొట్టానికి బిగింపుతో కడితే అది కదలదు గానీ పిడి ముందుకు పోయినప్పుడు దానికి తగలవచ్చు. పిడికే కట్టి మీట తీగను వెనక్కి లాగితే, ప్రతి తూటాకూ ముందుకు వెనక్కి వంగే ఆ తీగ తెగడానికి ఎక్కువ కాలం పట్టదు.

ఇంతకంటే పెద్ద లోపం మరొకటి ఉంది. టార్చి తుపాకీకే ఉంటే, దేన్ని చూడాలన్నా తుపాకీని దాని వైపు తిప్పాలి. మంచం మీద పడుకున్న తల్లిని చూడాలన్నా సరే. నింపిన తుపాకీ గొట్టాన్ని కాల్చదలచని దాని వైపు తిప్పరాదన్నది ఈ విద్యలో మొదటి పాఠం. తుపాకీ టార్చి ఆ పాఠాన్నే తలకిందులు చేస్తుంది. చేతిలో విడిగా మరో టార్చి ఉన్నవారికి మాత్రమే తుపాకీకి కట్టిన టార్చి అక్కరకొస్తుంది. ఈ ముక్కను అమ్మేవారు చెప్పరు.

కొలత కుదిరితే సగం హంగు

ఆశ్చర్యమేమంటే, మనిషికి నిజంగా మేలు చేసే మార్పు చూపులకు ఆనదు. భుజానికి ఆనించే మడమ చివర నుంచి ట్రిగ్గరు వరకు ఉన్న దూరం అది. అమెరికా తుపాకుల్లో మామూలుగా ఆ దూరం 14 అంగుళాలకు అటూ ఇటూ ఉంటుంది. ఆరడుగుల మనిషి దళసరి కోటు లేకుండా కాల్చడానికి సరిపోయే కొలత అది. అయిదడుగుల నాలుగంగుళాల మనిషికి అది పొడవు. తల ముందుకు చాచి, భుజం వెనక్కి విరిచి, మడమను చంక పక్కకు జార్చి కాలుస్తాడు. ఎదురుతన్ను ఎముక మీద పడుతుంది. మర్నాటికి భుజం కమిలిపోతుంది. తప్పు తుపాకీదని అనుకుంటాడు. మోచేతిని నిలువు కోణంలో వంచి, మడమ చివరను మోచేతి మడతకు ఆనిస్తే చూపుడు వేలి ముందు కణుపు ట్రిగ్గరును సులువుగా తాకాలి. తాకకపోతే మడమ పొడవెక్కువ. మాగ్‌పుల్ వంటి కంపెనీల మడమల్లో మధ్య పలకలు తీసి పెట్టి పొడవును 12.4 అంగుళాల వరకు తగ్గించుకునే ఏర్పాటు ఉంది. చివరన మెత్తని రబ్బరు దిండు ఉంటే ఎదురుతన్ను మరింత అణుగుతుంది.

దీనికి పూర్తిగా విరుద్ధమైనది మడమనే తీసేసి పిస్తోలు పిడి మాత్రం ఉంచడం. సినిమాల్లో తుపాకీని నడుము దగ్గర పట్టుకుని కాల్చే కథానాయకుడి చలవ ఇది. గురి ఉండదు, మణికట్టు నొస్తుంది. అంతకు మించి దాని గురించి చెప్పవలసింది లేదు.

తుపాకీ పక్కన ఆరు తూటాలు నిలిపే పట్టెడ పోలీసులకు ఉపయోగమే. కింది గొట్టంలోకి పట్టే తూటాలు తక్కువ కనుక అదనపువి చేతికందేలా ఉంటాయి. లోహపు పట్టెడను ట్రిగ్గరు భాగం పట్టి ఉంచే చీలల స్థానంలో పొడవాటి మరలు వేసి బిగిస్తారు. ఆ మరలను గట్టిగా తిప్పితే తుపాకీ పక్క గోడలు లోపలికి నొక్కుకుని పంప్ బిగుసుకుపోతుంది. తుపాకీ చెడిపోయిందని తెచ్చినవాడికి మర అర చుట్టు వదులు చేసి ఇచ్చే మేస్త్రీల కథలు ఆ దేశంలో కోకొల్లలు. కింది గొట్టాన్ని పొడిగించి తూటాలు ఎక్కువ పట్టేలా చేసేవారూ ఉన్నారు. కానీ బాతుల వంటి వలస పక్షుల వేటకు మూడు తూటాలకు మించి పట్టకూడదని 1935 నుంచి అక్కడ కేంద్ర నిబంధన ఉంది. అందుకోసం గొట్టంలో కర్ర బిరడా వేసుకుంటారు.

ప్రయోజనం కోసం తగిలించిన దానికి మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉంది. కాశ్మీరులో జన సమూహాలను చెదరగొట్టేందుకు 2010 నుంచి పంప్ తుపాకుల్లో పెల్లెట్ తూటాలు వాడారు. 2016లో అనేకమంది కళ్లు దెబ్బతినడంతో దేశమంతటా నిరసన వచ్చింది. 2017 ఆరంభంలో, పెల్లెట్లు పైకి లేవకుండా అడ్డుకునే లోహపు పరికరాన్ని గొట్టం కొసకు అమర్చిన తుపాకులు ఇస్తున్నట్టు సీఆర్‌పీఎఫ్ అప్పటి డైరెక్టర్ జనరల్ కె.దుర్గాప్రసాద్ వెల్లడించారు. ఆయన తెలంగాణ క్యాడర్ అధికారి. ఆ తుపాకీ అసలు వాడవచ్చా అన్న వివాదం అలాగే మిగిలింది.

పిల్లలు అమెరికాలో ఉంటే..

జిల్లాలో ప్రతి మండలం నుంచీ అమెరికా వెళ్లినవారున్నారు. అక్కడ సూపర్‌మార్కెట్‌లోనే తుపాకులు దొరుకుతాయి గనుక కొనుక్కోవచ్చని పిల్లలు అనుకునే ప్రమాదం ఉంది. విద్యార్థి వీసా, హెచ్1బీ వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీని గానీ తూటాలను గానీ కలిగి ఉండడాన్ని అక్కడి కేంద్ర చట్టం నిషేధించింది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది, దానికీ షరతులున్నాయి. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. నిషేధాన్ని ఉల్లంఘిస్తే విధించదగిన గరిష్ఠ శిక్షను 2022లో 15 ఏళ్లకు పెంచారు. స్నేహితుడి పేరిట కొనిపించుకోవడం మరో నేరం. వీసా పోవడం, దేశం నుంచి పంపివేయడం దానికి అదనం.

పౌరులకు సైతం అక్కడ గీత ఉంది. 1934 నాటి చట్టం ప్రకారం షాట్‌గన్ గొట్టం 18 అంగుళాలకు, మొత్తం పొడవు 26 అంగుళాలకు తగ్గరాదు. తగ్గించాలంటే ముందుగా కేంద్రం వద్ద నమోదు తప్పనిసరి. కంపెనీలు గృహరక్షణ తుపాకీలకు 18.5 అంగుళాల గొట్టం పెట్టడానికి కారణం ఆ నిబంధనే.

ఇక్కడ గీత 20 అంగుళాల వద్ద

సరిగ్గా ఇక్కడే మనవారు పొరబడే అవకాశం ఉంది. మన ఆయుధ నియమావళి 20 అంగుళాల కంటే పొట్టి గొట్టం ఉన్న నున్నని గొట్టపు తుపాకీని సెమీ ఆటోమేటిక్ ఆయుధాల సరసన ఒకటో కేటగిరీలో చేర్చింది. అమెరికాలో ఎవరైనా కొనగల 18.5 అంగుళాల తుపాకీ ఇక్కడ మామూలు లైసెన్సుకు లొంగేది కాదు. ఆ దృశ్యాలు చూసి, 28 అంగుళాల పాత గొట్టాన్ని ఆక్సాబ్లేడుతో కోయించుకుంటే ముచ్చటగా ఉంటుందని అనుకునేవారు తెలుసుకోవలసినది ఒకటుంది. 20 కంటే ఎక్కువ మిగిలినా కోయడమే నేరం.

1959 నాటి ఆయుధ చట్టం ఆరో సెక్షను ప్రకారం, అందుకు ప్రత్యేకంగా లైసెన్సు లేనిదే తుపాకీ గొట్టాన్ని పొట్టి చేయరాదు. ఒక కేటగిరీ ఆయుధాన్ని మరో కేటగిరీలోకి మార్చడాన్ని కూడా 2019 సవరణ ఇందులో చేర్చింది. అంతకు ముందు దీనికి శిక్ష మూడు నుంచి ఏడేళ్లు. 2019 డిసెంబరు నుంచి కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. తుపాకీకి లైసెన్సు ఉందన్న వాదన ఇక్కడ పనిచేయదు. లైసెన్సు ఉంచుకోవడానికే గానీ కోయడానికి కాదు.

కోత వల్ల తుపాకీకి జరిగే నష్టం వేరే. చాలా గొట్టాలు కొస వద్ద మిల్లీమీటరు లోపు ఇరుకు చేసి ఉంటాయి. పెల్లెట్లు త్వరగా చెదరకుండా ఆ ఇరుకే కాపాడుతుంది. కోసిన ముక్కతో పాటు అదీ పోతుంది. నలభై గజాల్లో పంది మీద పడవలసిన పెల్లెట్లు చేనంతా చిమ్ముతాయి.

రంధ్రాలు తొలిపించేవారికి అయిదో సెక్షను అడ్డు. తుపాకీని మార్చడం, మరమ్మతు చేయడం అందుకు లైసెన్సు పొందిన దుకాణదారు మాత్రమే చేయాలి. లేత్ మిషను ఉన్నవాడికి ఎంత పనితనమున్నా ఆ పని చేస్తే ఆయన, చేయించుకున్నవారు ఇద్దరూ చిక్కుల్లో పడతారు. తొలిచిన చోట తుపాకీ నంబరు గానీ, తయారీ ముద్ర గానీ చెరిగితే ఎనిమిదో సెక్షను కూడా తోడవుతుంది. శబ్దాన్ని గానీ, మంటను గానీ తగ్గించే పరికరాల సంగతి ఇంకా తీవ్రం. చట్టంలోని నిర్వచనం ప్రకారం అవి విడిగా ఉన్నా తుపాకీతో సమానం. ఇంటికి తెప్పించుకున్న గొట్టం ముక్క ఒకటి లైసెన్సు లేని ఆయుధంగా లెక్కకు వస్తుంది. ఒక లైసెన్సు మీద ఉంచుకోదగిన తుపాకుల సంఖ్యను అదే 2019 సవరణ మూడు నుంచి రెండుకు తగ్గించింది.

మరి టార్చి, రబ్బరు దిండు, తూటాల పట్టెడ, భుజానికి వేసుకునే పట్టీ? వీటిని చట్టం పేరు పెట్టి నిషేధించలేదు. తుపాకీని కోయకుండా, తొలవకుండా, తిరిగి తీసేయగల రీతిలో ఉన్నంతవరకు కేటగిరీ మారదు. అయినా లైసెన్సు పొందిన దుకాణంలోనే పని చేయించి రసీదు ఉంచుకోవడం క్షేమం. సందేహముంటే లైసెన్సు ఇచ్చిన అధికారికి అర్జీ పెట్టుకుని రాతపూర్వకంగా సమాధానం తీసుకోవాలి. జిల్లాల్లో కలెక్టరు, కమిషనరేట్ల పరిధిలో పోలీసు కమిషనరు ఆ అధికారి. పంట కాపలా కోసం టార్చి కట్టుకున్నవారు మరో చట్టాన్ని కూడా గుర్తుంచుకోవాలి. అడవి పంది ప్రస్తుతం వన్యప్రాణి సంరక్షణ చట్టం రెండో షెడ్యూలులో ఉంది. చేనులో పడినా సరే, అధీకృత అధికారి రాతపూర్వక అనుమతి లేకుండా దాని మీద కాల్పులు జరపరాదు. తుపాకీకి ఉన్న లైసెన్సు వేటకు అనుమతి కాదు. పెళ్లి ఊరేగింపులో గాలిలోకి కాల్చినా రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

పాత తుపాకీకి హంగుల కంటే ముందు చేయించవలసిన పరీక్ష ఒకటుంది. పూర్వపు తుపాకుల్లో తూటా గది 65 మిల్లీమీటర్లు ఉండేది. తర్వాతి కాలపు తూటాలు 70 మిల్లీమీటర్లవి. కాల్చకముందు ముడిచి ఉన్న తూటా పొట్టి గదిలోనూ పడుతుంది గానీ, కాల్చినప్పుడు విచ్చుకునే మూతికి చోటు చాలక లోపలి ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. గది పొడవెంతో గొట్టం కింద ముద్రించి ఉంటుంది. లేకుంటే దుకాణదారు కొలిచి చెబుతాడు.

ఎన్నికల ప్రకటన వెలువడగానే లైసెన్సుదారులు తుపాకులను ఠాణాలో గానీ, ఆయుధ దుకాణంలో గానీ జమ చేయవలసి రావడం మామూలే. అక్కడ పుస్తకంలో రాసుకునేది తుపాకీ రకం, బోరు, నంబరు. రసీదులోనూ అవే ఉంటాయి. టార్చి, పట్టెడ వంటివి ముందుగానే విప్పి ఇంట్లో ఉంచి తుపాకీని మాత్రం అప్పగించడం, జమ చేసే ముందు తూటా గది ఖాళీగా ఉన్నట్టు సిబ్బంది ఎదుటే తెరిచి చూపడం, తిరిగి తీసుకునేటప్పుడు నంబరును రసీదుతో సరిచూసుకోవడం లైసెన్సుదారు బాధ్యత.